పని పంచుకున్నవాళ్లు

మన అభిరుచి ఉన్నవాళ్లు దొరకడం ఇంత తేలికైన కాలం ఇదివరకు లేదు. ఘంటసాల పద్యాలంటే చెవి కోసుకునేవాళ్లు, పాత నాణేలు పోగుచేసేవాళ్లు, మిద్దె మీద బీరపాదులు పాకించేవాళ్లు, రాత్రిపూట టెలిస్కోపు పట్టుకుని శనిగ్రహం వలయాల కోసం వెతికేవాళ్లు, ఎవరికి కావలసిన గ్రూపు వాళ్లకు ఫోన్‌లోనే ఉంది. లింకు నొక్కితే చేరిపోతాం. చేరిన రోజు సంబరంగానే ఉంటుంది. ఈ పిచ్చి మన ఒక్కరికే కాదన్నమాట అనుకోవడంలో ఉన్న ఊరటను తక్కువ చేయనక్కర్లేదు. తన ఇష్టం గురించి మాట్లాడుకోవడానికి ఊళ్లో ఒక్క మనిషీ లేకుండా పెరిగినవాళ్లకు దాని విలువ బాగా తెలుసు.

నెల తిరిగేసరికి ఆ గ్రూపును మ్యూట్‌లో పెడతాం. పొద్దున్నే గులాబీ పువ్వు మీద శుభోదయం. మధ్యాహ్నం, నిన్న ఒకరు పంపిందే ఇవాళ ఇంకొకరు. సాయంత్రం రాజకీయం, రాత్రికి అలకలు. అందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరి ఇష్టమూ ఒకటే. అయినా ఏదో కుదరదు.

ఎందుకు కుదరదని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఇష్టాలు కలిసినంత మాత్రాన మనుషులు కలవరు. చేతిలో ఒక పని ఉండాలి, అది ఒక్కరితో అయ్యేది కాకూడదు. మనసులు కలవడమనేది పని మొదలయ్యాక, చాలాసార్లు సగం అయ్యాక జరుగుతుంది. మనమేమో ముందు మనసులు కలవాలి, పని సంగతి తర్వాత చూద్దాం అనుకుంటాం.

ఇది ఇంటర్నెట్టుతో వచ్చిన సమస్య కాదు. నిజాం పాలనలోని హైదరాబాదులో ప్రభుత్వ వ్యవహారమంతా ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. మొదట దానికి చోటిచ్చింది రావిచెట్టు రంగారావు ఇల్లు. దాని వెనుక నిలబడ్డవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఉన్నారు, ఆయన దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నారు. ఒకరు జమీందారు, ఒకరు పండితుడు, ఒకరు నగరంలో కలిగిన గృహస్థు. తెలుగు మీద ప్రేమ ముగ్గురికీ ఉండేదన్నది నిజమే. కానీ ప్రేమ సంగతి మాట్లాడుకోవడానికైతే నెలకొక విందు చాలు. వాళ్లు పెట్టుకున్నది గ్రంథాలయం. గ్రంథాలయమంటే పుస్తకాలు తెప్పించాలి, పట్టిక రాయాలి, చందాలు వసూలు చేయాలి, పట్టుకెళ్లిన పుస్తకం తిరిగి ఇవ్వని పెద్దమనిషిని నొప్పించకుండా అడగాలి. ఇవన్నీ విసుగు పుట్టించే పనులు. నా అనుమానం, ఆ విసుగే వాళ్లను కలిపి ఉంచిందని.

అయిదేళ్లకు, 1906లో, ఆ కొమర్రాజే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని మొదలుపెట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. ఈ చరిత్ర చాలామందికి తెలిసిందే కనుక ఇక్కడ ఆగను. ఒక్క పడవ దగ్గర మాత్రం ఆగాలి.

1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి కృష్ణా కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ వచ్చి రేవులో ఆగేది, జనం పుస్తకాలు తీసుకునేవారు, పాతవి ఇచ్చేవారు. ఆ కాలవ పొడవునా ఉన్న ఊళ్లలో ఒకే పుస్తకాన్ని ఒకరి తర్వాత ఒకరు చదివిన పాఠకుల్లో చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. ఎగువ ఊళ్లో ఎవరో మడిచిన పేజీ మూల దిగువ ఊళ్లో ఇంకెవరికో కనబడి ఉంటుంది. ముఖాలు చూడని మనుషుల మధ్య సమూహం ఎలా సాధ్యమని ఇవాళ పెద్ద పెద్ద సభల్లో చర్చిస్తుంటే నాకు ఆ పడవ గుర్తొస్తుంది. దూరం అప్పుడూ ఉంది. పుస్తకాన్ని చింపకుండా, తడపకుండా, పడవ మళ్లీ వచ్చే వేళకు తిరిగి ఇవ్వడమనే చిన్న బాధ్యత ఆ దూరాన్ని దాటించింది. తర్వాతి ఊరివాడు తనకు తెలియకపోయినా వాడికోసం పుస్తకాన్ని జాగ్రత్తగా ఉంచడం కన్నా మంచి పరిచయం ఏముంటుంది?

కంప్యూటర్లలోకి తెలుగువాళ్లు వెళ్లిన తొలి రోజుల్లోనూ ఇలాంటిదే జరిగింది. 1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మన పిల్లలు యూజ్‌నెట్ చర్చల్లో ఒకరికొకరు తగిలారు. ఇంటి మీద బెంగ, పద్యాల మీద మోజు, సినిమాల మీద తగువులు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా తెలుగు అక్షరం. తెలుగులో రాసుకునే వీలు తెర మీద లేదు. అప్పుడు రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగును తు.చ. తప్పకుండా రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దానికి ఆర్‌టీఎస్ అని పేరు పడింది. చిన్నక్షరం రాస్తే ఒక ధ్వని, పెద్దక్షరం రాస్తే మరొకటి. చూడ్డానికి వికారంగా ఉండేది, చదవడానికి అలవాటు కావాలి. అయినా ఆ వికారపు రాతలోనే చాలామంది ఓపిగ్గా పాత పద్యాలు, కీర్తనలు ఎక్కించారు. ఇవాళ ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాబట్టేవాళ్లందరూ ఆ ఓపికకు బాకీ ఉన్నారు. 1998లో అమెరికాలోని తెలుగువాళ్లే ‘ఈమాట’ పత్రికను మొదలుపెట్టారు. దాని పాత సంచికలు ఇప్పటికీ చదువుకోవచ్చు.

అన్నిటికన్నా నాకు ఎక్కువ పాఠం చెప్పింది మాత్రం తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున దాన్ని మొదలుపెట్టారు. తెలుగు ఫాంట్ల చిక్కు విప్పడానికి ‘పద్మ’ అనే సాధనాన్ని చేసిందీ ఆయనే. తొలి రోజుల్లో అక్కడ పట్టుమని పదిమంది లేరు. ఇవాళ లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసినవాళ్లకు జీతం లేదు, వ్యాసం మీద పేరు పడదు. ‘చరిత్ర’ అన్న మీట నొక్కితే ఎవరు ఏ దిద్దుబాటు చేశారో కనబడుతుంది గానీ, చదివేవాళ్లలో దాన్ని నొక్కేవాళ్లు ఎందరు?

అక్కడ జరిగే పని ఎలాంటిదో బయటివాళ్లకు తెలియదు. జ్ఞానం, విజ్ఞానం లాంటి పెద్ద మాటలు పక్కన పెట్టండి. ఊళ్ల పేజీలు చూడండి. తెలుగునాట వేల ఊళ్లకు అక్కడ పేజీలున్నాయి. 2011 జనగణన లెక్కలు, బడి ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, సాగునీరు ఎక్కణ్నుంచి వస్తుంది, ఇవన్నీ ఎక్కించారు. ఇంతలో 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు చేరి 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ప్రభుత్వానికి అది ఒక ఉత్తర్వు. వికీపీడియాలో కూర్చున్నవాళ్లకు అది వేల పేజీల్లో జిల్లా పేరు మార్చడం, మండలం మార్చడం, పటాలు మార్చడం, వర్గాలు మార్చడం, ఒకే పేరున్న రెండు ఊళ్లను కలిపేయకుండా చూసుకోవడం. మనదగ్గర కొత్తపల్లులు, రామాపురాలు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలంటే ఆ పని చేసినవాళ్లనే అడగాలి.

ఇలాంటి పనిలో చేరినవాళ్లు మొదట ఒకే అభిప్రాయం ఉన్నవాళ్లు కారు. రెండు రాష్ట్రాలవాళ్లు, విదేశాల్లో ఉన్నవాళ్లు, ఉద్యోగులు, విశ్రాంత ఉపాధ్యాయులు, కాలేజీ పిల్లలు. దేవుడున్నాడనేవాళ్లూ లేడనేవాళ్లూ. బయట ఎదురుపడితే అయిదు నిమిషాల్లో మాట తెగిపోయే జంటలు అందులో ఎన్నో ఉండి ఉంటాయి. అయినా అక్కడ ‘నీ అభిప్రాయం ఏమిటి’ అని ఎవరూ అడగరు. ‘ఆధారం ఏది’ అంటారు. ఒక కవి ఏ ఊళ్లో పుట్టాడన్న దాని మీద తగువు వస్తే, గొంతు పెంచినవాడు కాదు, పుస్తకం పేరూ పేజీ సంఖ్యా చూపించినవాడు నెగ్గుతాడు. ప్రతి వ్యాసం వెనుకా ఒక చర్చ పేజీ ఉంటుంది. అందులో చిరాకు, ఎత్తిపొడుపు, ఒక్కోసారి అలిగి వెళ్లిపోవడం అన్నీ ఉంటాయి. పెళ్లివారిల్లంత మర్యాదగా ఉంటుందనుకుంటే పొరపాటు. కానీ తగువు తెగాక ఇద్దరి ముందూ ఒక వాక్యం మిగులుతుంది, ఇద్దరికీ పూర్తిగా నచ్చనిది, ఇద్దరూ ఒప్పుకోగలిగింది. అలాంటి వాక్యాలు కొన్ని కలిసి రాశాక ఎదుటివాడి సిద్ధాంతం మారదు. వాడు తేదీ తప్పు రాయడన్న నమ్మకం మాత్రం కుదురుతుంది. మనిషి మీద మనిషికి ఉండే నమ్మకాల్లో అది చిన్నదేమీ కాదు.

అక్కడి ఉమ్మడి చర్చావేదికకు వాళ్లు పెట్టుకున్న పేరు రచ్చబండ. ఊరి రచ్చబండ మీద కూర్చునే హక్కు ఒకప్పుడు అందరికీ లేదన్నది మరిచిపోకూడదు. కొన్ని కులాలవాళ్లు దూరంగా నిలబడేవారు, ఆడవాళ్లు ఆ వైపే వచ్చేవారు కారు. పాత పల్లె ఐక్యత గురించి కలలు కనేవాళ్లతో నాకున్న పేచీ ఇదే. కొత్త రచ్చబండకు గేటు లేదు. కానీ గేటు లేనంత మాత్రాన అందరూ వస్తారనీ కాదు. రాత్రి పదింటికి ఇంటిపని ముగించుకుని కంప్యూటర్ ముందు కూర్చునే ఓపిక ఎవరికి మిగులుతుంది, కీబోర్డు ఎవరి ఇంట్లో ఉంటుంది, ఎవరి గురించి రాయడానికి అచ్చులో ఆధారాలు దొరుకుతాయి, ఇవి కనబడని గేట్లు. ఏ సమూహమైనా తన గడపలో ఎవరు నిలబడిపోయారో అప్పుడప్పుడు లెక్క చూసుకోవాలి.

మనలాంటివాళ్ల మధ్యే ఉండాలన్న కోరికలో ఒక ప్రమాదం ఉంది, అది మెల్లగా వస్తుంది. మొదట నచ్చని మాట అన్నవాణ్ని వదిలేస్తాం. తర్వాత అలాంటి మాట అంటాడేమోనన్నవాణ్ని. కొన్నాళ్లకు మనం అన్నదానికి బొటనవేళ్లు ఎత్తేవాళ్లే మిగులుతారు. అప్పుడు కొత్త సంగతి ఏదైనా తెలుసుకుని ఎన్నాళ్లయిందో గుర్తుకు రాదు. భజనలో గొంతు కలపడానికి కూడా శ్రుతి ఎవరో ఒకరు సరిచూడాలి కదా. పని ఉన్నచోట ఈ ప్రమాదం తక్కువ. పని మనల్ని పొగడదు. తప్పు రాస్తే తప్పుగానే కనబడుతుంది, విత్తు మొలవకపోతే మొలవదు.

విత్తు అన్నాను కనుక మిద్దెతోటల సంగతీ చెప్పాలి. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు ఆ మాటను జనంలోకి తెచ్చాక, డాబా మీద కూరగాయలు పెంచేవాళ్ల గ్రూపులు రెండు రాష్ట్రాల్లోనూ పుట్టాయి. ఇవీ ఫోన్‌లో మొదలయ్యేవే. కానీ వాటిలో నిలబడిన వాటికి ఒక లక్షణం ఉంది. ఆదివారం ఏ పార్కులోనో ఎవరి డాబా మీదో కలుసుకుని విత్తనాలు మార్చుకుంటారు. పొట్లకాయ గింజలు ఇచ్చి నాటు టమాటా నారు తీసుకుంటారు. తీసుకున్నవాళ్లు వచ్చే కాపుకు గింజ కట్టి ఇంకొకరికి ఇవ్వాలి, అక్కడ రాయని నియమం అది. దాంతో ఫోటోల వరద కాస్త తగ్గుతుంది, ప్రశ్నలు పెరుగుతాయి. పిండినల్లికి ఏం కొట్టాలి, కంపోస్టు కంపు కొడుతోంది ఏం చేయాలి. తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుపడని చోటు దొరకడం ఈ రోజుల్లో అదృష్టమే.

కలుసుకోవడం గురించి ఒక మాట. తెరమీది పరిచయాలు చాలవని కొందరు, చాలునని కొందరు వాదిస్తారు. నేను మధ్యలో ఉన్నాను. రోజూ కలవనక్కర్లేదు. కానీ ఒక్కసారైనా కలిసినవాళ్ల మధ్య రాతలో కోపం తగ్గుతుంది. తెలుగు వికీపీడియావాళ్లు పదేళ్ల పండుగను 2014 ఫిబ్రవరిలో విజయవాడలో, ఇరవయ్యేళ్ల పండుగను 2024 జనవరిలో విశాఖపట్నంలో చేసుకున్నారు. ఏళ్ల తరబడి వాడుకరి పేరుతోనే ఎరిగిన మనిషి ఎదురుగా కూర్చుని పెరుగన్నం తింటుంటే, చర్చ పేజీలో అతను వాడిన పుల్లవిరుపు మాట పుల్లవిరుపు కాదనీ, అతని మాటతీరే అంతనీ తెలుస్తుంది. ఆ ఒక్క సంగతి చర్చ పేజీలో ఏడాదంతా రాసుకున్నా తెలియదు.

ఎంతమంది ఉండాలన్నదీ ఒక ప్రశ్నే. మనిషి స్థిరంగా నిలుపుకోగల సంబంధాలు 150 దాకా ఉంటాయని బ్రిటన్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990లలో అన్నారు. ఆ అంకె మీద వాదాలున్నాయి. వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1024 మందిని చేర్చుకోవచ్చు. నా మట్టుకు నాకు అంకె ముఖ్యం కాదు. ఒక మనిషి పది రోజులు కనబడకపోతే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగేవాళ్లు ఇద్దరైనా అందులో ఉన్నారా అన్నది చూస్తాను. మనలో చాలామంది ఫోన్లలో చనిపోయినవాళ్ల నెంబర్లు ఇంకా గ్రూపుల్లోనే ఉన్నాయి. పుట్టినరోజు నాడు వాళ్లకు శుభాకాంక్షలు చెప్పే గ్రూపులూ ఉన్నాయి. అడిగేవాళ్లు లేకపోతే అలాగే ఉంటుంది.

ఇక చోటు. ఇంత శ్రమపడి పోగుచేసుకున్నది ఎవరి స్థలంలో ఉంది? మన యువత ఆర్కుట్‌లో కట్టుకున్న గూళ్లన్నీ 2014 సెప్టెంబరు 30తో పోయాయి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. యాహూ గ్రూప్స్‌లో ఎన్నో ఏళ్ల చర్చలుండేవి. దాచుకున్న రాతలూ ఫైళ్లూ ముందు తీసేశారు, 2020 డిసెంబరు 15న మొత్తం మూసేశారు. ఆ కంపెనీలను తిట్టి లాభం లేదు, వాళ్ల లెక్కలు వాళ్లవి. ముందుచూపున్న కొందరు మూతపడేలోగా పాత చర్చలను దింపి దాచారు, చాలామంది దాచలేదు. వికీపీడియా రాతను ఎవరైనా నకలు తీసుకుని మరోచోట పెట్టుకోవచ్చని దాని లైసెన్సులోనే ఉంది. రేపు ఆ సంస్థే లేకపోయినా ఊళ్ల పేజీలు పోనక్కర్లేదు. మన సమూహం దగ్గర దాచుకోదగ్గది ఏమిటి, దాని నకలు ఎవరి దగ్గర ఉంది అన్నది తొలి ఏడాదిలోనే అడగాల్సిన ప్రశ్న. జవాబు ‘ఏమీ లేదు’ అయితే, అది ఇంకో రకం జవాబు.

కొత్తవాళ్ల సంగతి అన్నిటికన్నా కష్టం. వ్యవస్థాపకులకు తాము పడ్డ పాట్లు గుర్తుంటాయి. కొత్తగా వచ్చినవాడు నియమాలు తెలియక తప్పు చేస్తే ‘ఇది ఎప్పుడో చర్చించాం’ అని విసుక్కుంటారు. నిజమే, ఎప్పుడో చర్చించారు, అతను లేనప్పుడు. తెలుగు వికీపీడియాలో చేరినవాళ్ల చర్చ పేజీలో ఒక స్వాగతం మాట పెట్టే ఆనవాయితీ ఉంది. అది ముందే తయారైన మూస అని అందరికీ తెలుసు. అయినా కింద ఒక మనిషి సంతకం ఉంటుంది, ఏదైనా అడగాలంటే అడగడానికి ఒక పేరు దొరుకుతుంది. కొత్తవాడు రాసిన మూడు లైన్ల వ్యాసాన్ని వాళ్లు ‘మొలక’ అంటారు. తీసిపారేయకుండా పెంచడానికి ప్రయత్నిస్తారు. అన్నీ పెరగవు. కొన్ని ఏళ్ల తరబడి మొలకలుగానే ఉంటాయి, కొన్నిటిని చివరికి తొలగిస్తారు. ఇందులో ఎంత ఓర్పు కావాలో, ఎంత గట్టితనం కావాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

చివరికి వెళ్లిపోవడం. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువడ్డాయి. 1923లో ఆయన పోయారు. పని ఆగింది. దాన్ని మళ్లీ చేతికెత్తుకోవడానికి కాశీనాథుని నాగేశ్వరరావు లాంటి మనిషి కావలసి వచ్చింది. అంత పండితుడి పని అంత పండితుడితోనే ఆగిపోయే ముప్పు ఎప్పుడూ ఉంటుంది. తెలుగు వికీపీడియాలో తొలి రోజుల్లో బరువు మోసినవాళ్లలో చాలామంది ఇప్పుడు అక్కడ రాయడం లేదు. ఉద్యోగాలు, పిల్లలు, ఆరోగ్యం, లేదా ఆసక్తి తగ్గింది. అయినా ఇటీవలి మార్పుల పేజీ తెరిస్తే ఇవాళ కూడా ఎవరో ఏదో ఊరి పేజీలో అక్షరదోషం దిద్దుతూ కనబడతారు.

అందుకే ఎవరైనా వచ్చి మేమొక గ్రూపు పెట్టాం, బాగా నడుస్తోంది అంటే నాకు అడగాలనిపించేది వేరు. మొదలుపెట్టినవాళ్లు ఇంకొకరికి అడ్మిన్ హక్కు ఇచ్చేసి ఒక నెలపాటు మాట్లాడకుండా ఉండి చూశారా? ఆ నెలలో ఆదివారం విత్తనాల పొట్లాలు చేతులు మారాయా, కొత్తగా చేరినవాడి ప్రశ్నకు జవాబు దొరికిందా, జరగాల్సిన పని జరిగిందా? జరిగితే మీరు తిరిగి వచ్చి మామూలు సభ్యుల్లా ఒక మూల కూర్చోవచ్చు. జరగకపోతే, తప్పు వాళ్లదనుకునే ముందు మీ గ్రూపుకు అసలు పని ఏమిటో ఒక కాగితం మీద రాసి చూసుకోండి.